పాలు రావన్నారనుకున్నాను

ఆ రోజు నాలుగో తరగతి పిల్లలకు కూడికలు చెబుతున్నాను. బోర్డు మీద రాస్తుండగా కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కి సుద్దముక్క జారి కింద పడింది. తీసుకుందామని వంగితే ముందుకు తూలాను. బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాను. పిల్లలు నవ్వారు. పిల్లలన్నాక నవ్వుతారు. కానీ ఆ వారంలో సుద్దముక్క మళ్లీ మళ్లీ పడింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన రోజులవి. నంద్యాలలో నలుగురు కలిస్తే అదే మాట. నాకు మాత్రం నా రెండు వేళ్ల దిగులే సరిపోయింది.

జబ్బు వేళ్లది కాదు, రొమ్ములది. ఈ మాట రాయడానికి సిగ్గుపడితే ఇక ఇదంతా రాయడమే దండగ. అందుకని ముందే రాసేశాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. నంద్యాలలో క్రైస్తవ బాలికల బడిలో టీచరుగా చేరి ఏడాదైంది. మాది ఆళ్లగడ్డ. నాయన అక్కడ సేద్యం చేసేవాడు. పద్దెనిమిదో ఏడు దాటినప్పటి నుంచి నా రొమ్ములు పెరుగుతూనే ఉన్నాయి. మనిషిని చూస్తే సన్నం, చేతులు పుల్లలు. బరువంతా ముందర.

వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు. గోడకు దిండు ఆనించి కూర్చునే నిద్రపోయేదాన్ని. బాడీ పట్టీలు భుజాల మీద వేలు దూరేంత గాట్లు పెట్టాయి. ఎండాకాలం రొమ్ముల కింద చర్మం ఒరిసి పుండ్లు పడేవి. పాత పంచె గుడ్డ మడిచి పెట్టుకుంటే మధ్యాహ్నానికి అది తడిసి వాసన వేసేది. ఆ ఎండలో కూడా పైట రెండు భుజాల మీదుగా కప్పుకుని, దాని మీద చేతులు కట్టుకుని నడిచేదాన్ని. బస్సెక్కి ఆళ్లగడ్డకు పోవాలంటే ప్రాణం మీదికొచ్చేది. ఎదురుగా కూర్చున్న మగవాళ్లకు చూడడానికి కిటికీ ఉండదు, నేనే ఉంటాను. రాను రాను సెలవులకు కూడా ఇంటికి పోవడం మానేశాను. చర్చిలో వెనక వరసలో మూల కూర్చునేదాన్ని.

"మన ఇంటి ఆడోళ్లంతా ఇంతేలే. బిడ్డలు పుడితే సర్దుకుంటాది" అనేది అమ్మ. తక్కినవాళ్లు "బాగా తింటాండావే" అని నవ్వేవాళ్లు. తగ్గుతాయేమోనని అప్పటికే నేను సగం అన్నం మానేశాను. ముఖం పీక్కుపోయింది, అవి మాత్రం తగ్గలేదు. నన్ను నా ఒంట్లోనే పెట్టి బయట గొళ్లెం వేసినట్టుండేది. ఎంత కోపం వచ్చినా ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు.

నాలుగేళ్లు అలా ఈడ్చి, వేళ్లు కూడా తిమ్మిరెక్కడం మొదలయ్యాక మిషన్ ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి డాక్టరు ఒక దొరసాని. పుస్తకంలో చదివినట్టు తెలుగు మాట్లాడుతుంది. మెడకు ఎక్స్‌రే తీయించింది, రక్తపరీక్ష చేయించింది, గడ్డలేమైనా ఉన్నాయేమోనని చాలాసేపు నొక్కి చూసింది. "ట్యూమర్ లేదు. దీనిని హైపర్‌ట్రొఫీ అంటారు, అనగా మితిమీరి పెరుగుట. ఆ బరువు భుజముల నరములను నొక్కుట వలన వేళ్లు తిమ్మిరెక్కుచున్నవి. నీవు తినుట వలన రాలేదు. నీ తప్పు ఏమియు లేదు" అంది. ఆ చివరి మాటకు నాకు ఏడుపొచ్చింది. మందులతో తగ్గదనీ, ఆపరేషన్ చేసి తగ్గించవచ్చనీ, అది చేసేవాళ్లు మద్రాసులో ఉన్నారనీ చెప్పింది.

నాయన, నేను డోన్ మీదుగా గుంతకల్లు పోయి మద్రాసు మెయిలెక్కాం. మద్రాసులో సర్జన్ నడివయసు మనిషి. యుద్ధంలో ముఖాలు కాలిన సిపాయిలకు చర్మం అతికించిన అనుభవం ఉందట. తెలుగు అరవ యాసతో మాట్లాడేవాడు. నన్ను పరీక్షించినంతసేపూ నన్ను చూశాడు. మాట్లాడాల్సి వచ్చేసరికి నాయన వైపు తిరిగాడు.

"డాక్టరుగారూ, ఒళ్లు నాది. నాతో చెప్పండి" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని కుర్చీ నావైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఎంత ఓపిగ్గా చెప్పాడో ఇప్పటికీ మరచిపోను.

కాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీశాడు. "రెండు మెథడ్స్ ఉన్నాయి. ఒకటి పెడికిల్. నిపుల్‌ను కిందనున్న కండతో పాటే ఉంచి, చుట్టూ తీసేసి, కండతో సహా పైకి జరుపుతాం. తర్వాత పాలిచ్చే వీలు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అయితే నీకు చాలా కిందికి జారింది. అంత పొడుగు కండలో రక్తం చివరిదాకా పోకపోతే నిపుల్ నల్లబడి చచ్చిపోతుంది. భయపడి తక్కువ తీస్తే బరువు మిగులుతుంది. రెండో ఆపరేషన్ కూడా కావచ్చు."

"రెండోది?"

"ఫ్రీ గ్రాఫ్ట్. నిపుల్‌ను చర్మంలాగా కోసి పక్కన పెట్టి, అనవసరమైందంతా తీసేసి, కొత్త చోట అతికిస్తాం. ఒకే ఆపరేషన్. బరువు బాగా తగ్గుతుంది. స్పర్శ దాదాపు ఉండదు. ఇంకోటి, ఆ తర్వాత బిడ్డకు పాలివ్వడం కుదరదు."

నాయన నా చెవి దగ్గర "పాలు రావంటనే" అన్నాడు. నేను తలూపాను.

మచ్చల సంగతి అడిగాను. నిపుల్ చుట్టూ ఒకటి, అక్కడి నుంచి నిలువుగా కిందికి ఒకటి, రొమ్ము కింది మడతలో అడ్డంగా ఒకటి, ఏ మెథడ్‌లోనైనా ఇవి తప్పవన్నాడు. "నీ ఒంటి మీద పాత గాయాల గుర్తులున్నాయా?" అని అడిగాడు. నేను రవికె చెయ్యి పైకి లాగి మోచేతి కింద చూపించాను. చిన్నప్పుడు పచ్చకామెర్లు వస్తే మా నాయన తల్లి, జేజి, కాల్చి పెట్టిన వాత అది. మామూలు వాతలాగా ఆరిపోలేదు. కాల్చిన మేరను దాటి పెరిగి, వేలంత లావున ఎర్రగా నున్నగా ఉంటుంది. ఎండాకాలం దురద పెడుతుంది.

ఆయన దాన్ని నొక్కి నొక్కి చూసి "కీలాయిడ్" అన్నాడు. "కత్తి పడిన చోటల్లా ఇలాగే లేవొచ్చు. అన్నిటికంటే ఎక్కువ రొమ్ముల నడుమ, ఎముక మీద లేస్తుంది. అందుకని నా కోత నడుమదాకా రానివ్వను. చివర్లలో చర్మం కొంచెం ముడతపడి అందంగా ఉండదు. ముడత కావాలా, తాడులాంటి మచ్చ కావాలా?"

"ముడతే" అన్నాను. మెథడ్ మాత్రం చెప్పలేకపోయాను. అమ్మనడగాలని నాయన నన్ను వెనక్కి ఆళ్లగడ్డకు తీసుకుపోయాడు.

బడికి సెలవు పెట్టి కొన్నాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాను. ఉన్నవి రెండు గదులు. నేను లోపలి గదిలో గోడకానుకుని ఉంటే, అమ్మ బయట గదిలో రాగులు చెరుగుతూ, నాకు వినపడాలనే గట్టిగా మాట్లాడేది. ఆడపిల్ల ఒంటి మీద మచ్చ పడనిస్తారా అని. మచ్చ అంటే మనకు ఒకటే మాట. గాయం మానినా మచ్చే, పరువు పోయినా మచ్చే. అమ్మకు రెండూ ఒకటిగానే వినిపించేవి. పాల మాట వస్తే ఇంకా మండిపడేది.

"ఒట్టిపోయిన ఎనుమును ఎవురు కట్టేసుకుంటారే?" అంది ఒకనాడు. ఎనుమంటే మా వైపు గేదె.

"ఎనుముకైతే నాలుగు కాళ్లుండాయి మా. నేను రెండు కాళ్లమీద మోస్తాండా" అన్నాను.

"మాటలకేం తక్కువ లేదు. ఆ మొదటిదేదో చేయించుకో. నల్లబడితే నల్లబడతాది, దేవుడుండాడు."

నాకు భర్త లేడు, బిడ్డ లేదు. అయినా ఆ లేని భర్త ఏమంటాడో, ఆ లేని బిడ్డ ఏం తాగుతుందో అనేదే ఇంట్లో అందరికీ బాధ. నిజంగా ఉన్నది, కూర్చుని నిద్రపోతున్న నేనొక్కదాన్నే. ఆఖరికి నాయన గడప దగ్గర గొంతుక్కూర్చుని అడిగాడు. "సంతకం నన్ను పెట్టమంటాండారు గాబట్టి అడుగుతాండా. ఒళ్లు నీది. దేనికి పెట్టమంటావో చెప్పు."

"రెండోదానికి నాయనా."

"పెడతాలే" అన్నాడు. అమ్మ చేట పక్కన పడేసి లేచిపోయింది. మద్రాసుకు ఆమె రాలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున డాక్టరు నన్ను కూర్చోబెట్టి ఊదారంగు మందుతో గీతలు గీశాడు. సిగ్గుతో కళ్లు మూసుకున్నాను. తర్వాత ఈథర్ వాసన, అంతే. మెలకువ వచ్చేసరికి ఎదంతా కట్టు. ఊపిరి పైపైనే పీల్చాలి, చేతులు పైకెత్తకూడదు, పక్కకు తిరగకూడదు. అతికించిన చోట దూది మీద దారాలు బిగించి కట్టారు. దాన్ని పది రోజులదాకా విప్పలేదు. ఒక చెర నుంచి ఇంకో చెరకు మార్చారనిపించింది. ఈ రెండోదానికి గడువుందన్నదొక్కటే ఓదార్పు.

కట్టు విప్పాక ఎడమవైపు గ్రాఫ్ట్ గులాబీరంగులో ఉంది. కుడివైపు సగం బొగ్గులా నల్లగా ఉంది. "పార్షియల్ లాస్. కొంత పోతుంది, కొంత నిలుస్తుంది" అన్నాడు డాక్టరు. నేను ఏ నలుపుకు భయపడి ఈ మెథడ్ ఎంచుకున్నానో ఆ నలుపే వచ్చింది. ఏడ్చాను, ఆయన్ను తిట్టాను కూడా. ఆయన వినీ విననట్టు పెన్సిలిన్ రాసి వెళ్లాడు. ఆ నలుపుతో పాటు వచ్చిన జ్వరం తగ్గింది. నల్లటి పెంకు రాలింది. కింద తెల్లటి చర్మం వచ్చింది.

నంద్యాలకు తిరిగొచ్చిన మొదటి రాత్రి వెల్లకిలా పడుకున్నాను. దూలాలు కనిపించాయి. ఇన్నాళ్లూ ఆ గదికి దూలాలున్నాయని నేను చూడనే లేదు. హాయిగా ఉంది, చెప్పలేనంత హాయిగా.

మచ్చల సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు కనుక చెబుతున్నాను. కుట్లు తీసినప్పుడు సన్నటి గీతల్లా ఉండి మోసం చేస్తాయి. మూడో నెల నుంచి ఎర్రబడి లేస్తాయి. లోపల చీమలు పాకినట్టు దురద. నాకు కుడివైపు కింది మడతలోది వాతలాగే లావెక్కింది. మెత్తటి గుడ్డతో బిగించి కట్టుకోమన్నాడు డాక్టరు, కట్టుకున్నాను. నిలువు గీతలు రెండేళ్లకు తెల్లబడ్డాయి. లావెక్కింది అలాగే ఉంది. ఎదురొమ్ము నడుమ మాత్రం శుభ్రంగా ఉంది. ఆ డాక్టరు అక్కడ తన మాట నిలబెట్టుకున్నాడు.

డోన్‌లో రైల్వేలో పనిచేసే ప్రకాశం చర్చి పెద్దల ద్వారా నన్ను అడిగించినప్పుడు, నేనే ఆయనతో విడిగా మాట్లాడతానన్నాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. చర్చి వరండాలో నిలబడి చెప్పేశాను. "ఆపరేషన్ అయింది. మచ్చలుండాయి. బిడ్డలు పుడితే నాకు పాలు రావు."

ఆయన "పాలదేముండాది? మా ఇంట్లో రెండు మేకలుండాయి" అన్నాడు. ఆ మాటకే పెళ్లికి ఒప్పుకున్నాను.

పోయిన ఎండాకాలం నంద్యాల మిషన్ ఆసుపత్రిలో పాప పుట్టింది. మేకపాలు, ఉగ్గుగిన్నె అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాం. మూడో రోజు పొద్దున రొమ్ములు రాళ్లయ్యాయి. చంకలదాకా గడ్డలు, జ్వరం, మచ్చలు సాగి పగులుతాయేమో అన్నంత నొప్పి. పాత కుట్లలోపల ఏదో కుళ్లిందనుకుని దొరసానిని పిలిపించాను. దొరసాని వచ్చి చూసి, "పాలు వచ్చినవి" అంది.

"నాకు పాలు రావన్నారు గదమ్మా!"

"రావు అని చెప్పినారా, ఇవ్వలేవు అని చెప్పినారా?"

పక్కనున్న నా భర్త ముఖం చూశాను. దొరసాని మంచం మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. లోపల మిగిలిన గ్రంథి పాలు తయారు చేస్తుంది. బయటికి పోయే దారి మాత్రం ఆపరేషన్‌లో తెగిపోయింది. తాగేవాళ్లు లేకపోతే కొన్ని రోజులకు వాటంతటవే ఇంకిపోతాయి. మాత్రలిచ్చింది, కట్టు బిగించింది. మళ్లీ అదే కట్టు, అదే పైపై ఊపిరి.

మద్రాసు డాక్టరు అబద్ధమాడలేదు. పాలివ్వడం కుదరదన్నాడు. పాలు రావని నాయన అనుకున్నాడు, నేననుకున్నాను, అమ్మ అదే పట్టుకుని నాతో పోట్లాడింది, నా భర్తకూ అదే చెప్పాను. అన్నేళ్లూ అందరం మచ్చ ఎక్కడ పడుతుందనే చూశాం. లోపల ఏం తెగుతుందో ఒక్కరమూ అడగలేదు.

ఆళ్లగడ్డ నుంచి అమ్మ బుట్టెడు మల్లెపూలు తెచ్చింది. పాలు ఇంకడానికి మా వైపు మల్లెలు కడతారు. కట్టు వదులు చేసి, నా మచ్చలను మొదటిసారి చూసింది. పూలు పరుస్తూ "నేను పాలు రావని ఏడిస్తినే. వచ్చి యాడికీ పోలేవని నాకేం తెలుసు" అని వెక్కివెక్కి ఏడ్చింది. పాపను పక్కన పడుకోబెడితే వాసన పట్టి నా వైపు ముఖం తిప్పి నోరు తెరిచింది. నా వల్ల కాలేదు. అటు తిరిగి పడుకున్నాను. నా జబ్బులో అన్నిటికంటే కష్టమైన గడియ అదే.

వారానికి రాళ్లు మెత్తబడ్డాయి. జ్వరం పోయింది. పాప ఇప్పుడు మేకపాలు తాగి బొద్దుగా ఉంది, గోడ పట్టుకుని లేస్తుంది. దాన్ని చంకనెత్తుకుని నిటారుగా నడుస్తున్నాను. మళ్లీ బడికి పోతున్నాను. మళ్లీ ఎంచుకోమంటే అదే మెథడ్ ఎంచుకుంటాను, అందులో నాకు అనుమానం లేదు. కానీ తెలిసి ఎంచుకుంటాను.

ఇలాంటి ఆపరేషన్‌కు పోయే అక్కచెల్లెళ్లకు ఒక్కటే చెబుతాను. డాక్టరు చెప్పినదానికి తలూపి వచ్చేయకండి. ఆయన చెప్పింది మీ ఇంటి మాటల్లో ఆయనకే తిరిగి చెప్పి, "నేను అనుకున్నది ఇదేనా?" అని అడగండి. పాలివ్వలేవంటే "రావా, వచ్చినా పోవా?" అని అడగండి. ఆయనకు విసుగు రావచ్చు. రానివ్వండి.