తలూపే మేడమ్

మా వదిన యూనివర్సిటీలో చరిత్ర చెబుతుంది. పోస్టు తాత్కాలికం. ఏటా వేసవి సెలవుల్లో ఊడుతుంది, క్లాసులు మొదలయ్యే ముందు మళ్లీ అతుక్కుంటుంది. ఆ అతుకు వేసేది డీన్‌గారు కాబట్టి ఆయన ఏమన్నా వదిన తలూపుతుంది. ఆయనంటే పడనివాళ్లు ఏమన్నా ఊపుతుంది. రేపు డీన్ ఎవరవుతారో ఎవరు చూడొచ్చారు? ఇంట్లో మాత్రం ఆ తల అడ్డంగా తప్ప ఊగదని మా అన్నయ్య గోల.

ఈ ఏడు ఆమెను పర్మినెంట్ చేసే ఫైలు డీన్ బల్ల దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయన, అసలు పర్మినెంట్ పోస్టులే ఎత్తేయాలన్న ప్రతిపాదన మీద చర్చకని అధ్యాపకులందర్నీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టారు. వదినకు ముందు వరసలో కుర్చీ దొరికింది. ఆలస్యంగా వెళ్లినవాళ్లకు మిగిలేది అదే.

ఉద్యోగం గట్టిపడగానే కొందరు పసుపుపచ్చబడ్డ పాత నోట్సే ఏళ్ల తరబడి చదివేస్తున్నారని డీన్ అన్నారు. వదిన తలూపింది. నిజమే మరి, పక్క కుర్చీలో పెద్ద ప్రొఫెసరుగారు అప్పటికే కునుకు తీస్తున్నారు. తర్వాత ఫిజిక్స్ ఆవిడ లేచి, ఉద్యోగం పోతుందన్న భయం ఉంటే పాఠంలోనూ పరిశోధనలోనూ నిజం నోట రాదంది. వదిన ఇంకా గట్టిగా ఊపింది.

డీన్ కంట్లో పడింది.

“మేడమ్, నాకూ ఊపారు, ఆవిడకీ ఊపారు. ఇంతకీ మీరెటు?”

హాలంతా నవ్వు. వదిన లేచి నిలబడింది. సమయానికి ఒక్క అబద్ధమూ అందలేదు.

“అలవాటైపోయింది సార్. పర్మినెంట్ అయితే ఎటో చెప్తాను.”

నవ్వుతున్నవాళ్లు మధ్యలో ఆగిపోయారు.

కొంప మునిగిందనుకుంది. సాయంత్రం డీన్ పిలిస్తే, మెట్లెక్కుతూ ఇంకే కాలేజీలో ఖాళీలున్నాయో ఆలోచించుకుంటూ వెళ్లింది. ఆయన కుర్చీ చూపించి, కాసేపు పేపర్‌వెయిట్ తిప్పారు.

“ఆ ప్రతిపాదన నాది కాదమ్మా. పైనుంచి వచ్చింది. నేనూ సరే సరే అంటూనే ఈ గదిలోకొచ్చాను.”

ఆమె ఫైలు మీద సంతకం చేసి, పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో తనకు తెలీదన్నారు.

ఒప్పుకున్నారు. ప్రతిపాదన మాత్రం కమిటీల చుట్టూ తిరుగుతూనే ఉంది. మొన్న డీన్‌గారు దానిమీద వదిన అభిప్రాయం అడిగారట.

“ఒకరు నిద్రపోతున్నారని అందర్నీ భయపెట్టి మేలుకోబెడతామా సార్?” అని మొదలుపెట్టిందట. ఇన్నేళ్లదీ ఒకేసారి చెప్పబోయేసరికి ఆయన గడియారం వైపు చూడటం మొదలుపెట్టారని వదినే చెప్పింది. అయినా ఆపలేదట.