మొదటి ఆదివారం, మెట్టు మీద మనిషి

ఇమ్మానియేలు ప్లీడరు సంచిలో ఎప్పుడూ మూడు పుస్తకాలుండేవి. భగవద్గీత, బైబిలు, ఖురాను. మూడింటికీ మూడు గుడ్డలు చుట్టి, కాగితాల మీద జాగ్రత్తగా పెట్టుకునేవాడు. జిన్నింగు మిల్లులోనో, పొగాకు గోడౌనులోనో, పిడుగురాళ్ల వైపు ఏ సున్నపుబట్టీలోనో పనివాడి మీద ఆరోపణ వస్తే, విచారణకు బయటినుంచి ఒక ప్లీడరును పిలవడం అప్పట్లో యాజమాన్యాలకు మామూలు. గుంటూరులో ఆ పిలుపుల్లో సగం ఆయనకే వచ్చేవి. తగువు ముదరకముందే రెండు పక్షాలనూ కూర్చోబెట్టి రాజీ చేయడంలో కూడా ఆయనకు పేరుంది.

మిల్లులోపల జరిగే విచారణకు ప్రమాణాలు అక్కర్లేదు. చట్టం అడగదు. అది ఆయన సొంతంగా పెట్టుకున్న పద్ధతి. సాక్షి ఎవరైనా సరే, వాళ్ళ పుస్తకం మీద చెయ్యి వేయించాకే మాట రాసుకునేవాడు. "ఇమ్మానియేలుగారి ఎంక్వైరీ అంటే కోర్టేనండీ" అనేవారు మేనేజర్లు. ఆ మాట ఆయనకు ఇష్టం.

1982 ఫిబ్రవరిలో, ప్రత్తిపాడు దగ్గర ఒక జిన్నింగు మిల్లులో పుల్లమ్మ అనే కూలి మనిషి చనిపోయింది. పత్తి గంప ఎత్తుకుని యంత్రాల పక్కన నడుస్తుంటే కొంగు తిరిగే షాఫ్టులో పడింది. షాఫ్టు మీద ఉండాల్సిన ఇనప జాలీ ఆ రోజు లేదు. దాన్ని ఊడదీసింది ఫిట్టరు జక్రయ్య అని సూపర్‌వైజరు బాపయ్య రాసిచ్చాడు. తాను తియ్యలేదని, అన్నానికి వెళ్ళి వచ్చేసరికే అంతా అయిపోయిందని జక్రయ్య చెప్పాడు. పుల్లమ్మదీ జక్రయ్యదీ ఊరి బయట ఒకే పల్లె, ఒకే యేసుప్రభువు గుడి. ఉద్యోగం పోతుందన్న బెంగ అతనికి లేకపోలేదు. కానీ అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. పుల్లమ్మను చంపినవాడన్న మాట తన మీద నిలిచిపోతుందేమోనని.

మార్చిలో మిల్లు ఆఫీసు గదిలో విచారణ జరిగింది. బాపయ్య గీత మీద చెయ్యి వేసి, తడుముకోకుండా చెప్పి కూర్చున్నాడు. తర్వాత ఆదెమ్మ వచ్చింది. జక్రయ్య తరఫున ఆమె ఒక్కతే సాక్షి. పుల్లమ్మ వెనకే గంప మోస్తూ నడిచిన మనిషి. మోచేతులదాకా పత్తి నూగు అంటుకుని ఉంది.

"జాలీ ఇప్పింది బాపయ్యగారేనండీ" అంది వస్తూనే. "పత్తి ఇరుక్కుంటంది, మాటిమాటికీ మిషను ఆపాల్సొస్తందని రెంచీ పెట్టి ఆయనే ఇప్పాడు. జక్రయ్యన్న అప్పుడు లేడు."

బాపయ్య నవ్వాడు. "రెంచీ అంటే ఏందో అసలు తెలుసా నీకు?"

"నీ చేతిలో చూశా గదయ్యా. తెలవకేం?"

కిటికీ బయట నిలబడ్డ ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. మేనేజరు తలతిప్పి చూడగానే ఆపేశారు.

"ఉండమ్మా. ముందు ప్రమాణం" అన్నాడు ఇమ్మానియేలు. గుడ్డ విప్పి బైబిలు ముందుకు జరిపాడు.

ఆదెమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది.

"ఒట్టు పెట్టకూడదండీ. బైబిల్లోనే ఉందని మా పాస్టరయ్యగారు చెప్పారు. ఉన్నది ఉన్నట్టు చెబుతా. ఒట్టు మాత్రం పెట్టను."

"చూశారా" అన్నాడు మేనేజరు మెల్లిగా, పక్కకు వంగి. "పుస్తకం కనపడగానే చేతులు దాచుకుంది."

ఇమ్మానియేలు ఆమెను రెండోసారి అడగలేదు. కలం తీసుకుని, సాక్షి ప్రమాణం చేయడానికి నిరాకరించిందని రాశాడు. పది రోజుల తర్వాత ఇచ్చిన రిపోర్టులో, అందువల్ల ఆమె మాటకు విలువ ఇవ్వలేనని, జాలీ తీసింది జక్రయ్యేనని రాశాడు. మిల్లు జక్రయ్యను తీసేసింది. యూనియన్ కేసు వేసింది.

కేసు సంగతి ఎలా ఉన్నా, పల్లెలో గుడి పెద్దలు ఆ రిపోర్టునే పట్టుకున్నారు. నెలలో మొదటి ఆదివారం వాళ్ళకు ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. ఒక మనిషి ప్రాణం పోవడానికి కారణమైనవాడు బల్లలో చెయ్యి పెట్టకూడదని జక్రయ్యను ఆపేశారు. ఆదెమ్మ లేచి చెప్పబోతే, "ప్లీడరుగారే నమ్మలేదు నిన్ను, మేమెట్టా నమ్మాల?" అన్నారు.

ఆ జూన్‌లో మొదటి ఆదివారం పొద్దున్న ఇమ్మానియేలు బ్రాడీపేటలో తన ఇంటి తలుపు తీసేసరికి, వీధి మెట్టు మీద జక్రయ్య కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, తలకు నూనె. గుడికి వెళ్ళే మనిషిలాగే ఉన్నాడు.

"ఏం జక్రయ్యా, పనుండి వచ్చావా?"

"పనేం లేదండీ. ఇవ్వాళ బల్ల. మా గుడికి పోతే మధ్యలో లేచి బయటికి రావాల. అందుకని ఇట్టా వచ్చా."

"ఇక్కడికెందుకు?"

"రాసింది మీరేగదండీ."

ఆ మాటలో కోపం లేదు. బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినట్టు చెప్పాడు. ఇమ్మానియేలు అతన్ని దాటుకుని తన గుడికి వెళ్ళాడు, బల్ల తీసుకున్నాడు. తిరిగొచ్చేసరికి మెట్టు ఖాళీగా ఉంది.

జులైలో మళ్ళీ వచ్చాడు. ఆగస్టులోనూ వచ్చాడు. టిఫిను పెట్టిస్తే వద్దనేవాడు, మంచినీళ్ళు తాగేవాడు. ఇంట్లోవాళ్ళు పోలీసులకు చెబుదామంటే ఇమ్మానియేలు ఒప్పుకోలేదు. ఏమని చెబుతాం? మెట్టు మీద కూర్చుంటున్నాడనా?

మరుసటి ఏడాదికల్లా ఆయన విచారణల్లో పుస్తకాలు తీయడం మానేశాడు. దాచేపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో మేనేజరు అడిగాడు కూడా, "ఏంటండీ, మీ ఎంక్వైరీ చప్పబడిపోయింది?" అని. సంచి బరువు తగ్గిద్దామని అన్నాడాయన. అసలు సంగతి వేరు. ఏ సాక్షి వైపు పుస్తకం జరిపినా, ఎదుటి చేతులు వీపు వెనక్కి వెళ్తున్నట్టే కనపడేది. గుళ్ళో పక్కవాళ్ళు రొట్టెముక్క కోసం చేతులు చాపినా, వాటి మీద పత్తి నూగు కనపడేది.

1985 వానాకాలంలో జక్రయ్య కామెర్లతో చనిపోయాడు. పల్లెవాళ్ళు పూడ్చారుగానీ గుడి గంట కొట్టలేదు. భార్య రెబ్కా కేసు వదల్లేదు. "డబ్బులకు కాదు సార్" అంది యూనియన్ ప్లీడరు సుభానీతో. "ఆయన తియ్యలేదని ఒక కాగితం మీద రాయించండి. గుళ్ళో చదివిస్తా."

మనిషి పోయాడని తెలిశాక కూడా, నెలలో మొదటి ఆదివారం ఇమ్మానియేలు తలుపు తీసేముందు ఆగేవాడు. తీశాక, మెట్టు మధ్యలో కాలు పెట్టకుండా పక్కనుంచి దిగేవాడు. ఎందుకలా దిగుతున్నారని ఇంట్లో ఎవరూ అడగలేదు.

1987లో లేబర్ కోర్టు ఆయన్నే సాక్షిగా పిలిచింది. విచారణ సక్రమంగా జరిగిందని విచారణాధికారి చేతనే చెప్పించుకోవడం యాజమాన్యానికి అవసరం. ఇది మామూలు తంతు. ఆయన అలాంటి సాక్ష్యాలు పదో పన్నెండో చెప్పి ఉంటాడు.

గుమాస్తా పుస్తకం తెచ్చి చాపాడు. ఇమ్మానియేలు తీసుకోలేదు.

"ఒట్టు వేయనండీ. నిజం చెబుతానని మాట ఇస్తాను. చట్టం ఒప్పుకుంటుంది."

జడ్జిగారు ఆశ్చర్యంగా చూసి, అలాగే రాసుకున్నారు. యాజమాన్యం ప్లీడరు నాలుగు ప్రశ్నలతో ముగించాడు. సుభానీ లేచాడు. ఆయన వేద్దామనుకున్న ప్రశ్నలు వేరే ఉన్నాయి. వాటిని బల్ల మీదే వదిలేశాడు.

"ఒట్టు లేకుండా మాట ఇస్తే చాలన్న సంగతి మీకు 1982లో తెలుసా?"

"తెలుసు."

"ఆదెమ్మకు చెప్పారా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"అభ్యంతరం" అన్నాడు యాజమాన్యం ప్లీడరు. జడ్జిగారు చెప్పనివ్వమన్నారు.

"మా నాన్న మిషన్ బడిలో పంతులు. ఆయనా ఒట్టు పెట్టేవాడు కాదు. మా ఇంట్లో ఎవరం పెట్టం. ఆవిడ ఎందుకు వెనక్కి తగ్గిందో ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు. మేనేజరు నా పక్కన కూర్చుని ఉన్నాడు. నాదీ ఆవిడలాగే ఊరి బయటి పల్లేనని ఆయనకు గుర్తుచేయడం నాకు ఇష్టం లేకపోయింది."

మిల్లులో ఆయన చేసిన విచారణను కోర్టు కొట్టేసింది. సాక్ష్యాలు మళ్ళీ మొదటినుంచి విన్నారు. ఆదెమ్మ వచ్చి, అయిదేళ్ళ క్రితం చెప్పిన ముక్కలే ఒట్టు లేకుండా చెప్పింది. ఈసారి రాసుకున్నారు. జాలీ తీసింది జక్రయ్య కాదని తీర్పు వచ్చింది. ఇమ్మానియేలుకు ఆ తర్వాత ఏ మిల్లూ కబురు పెట్టలేదు.

1988 మార్చిలో మొదటి ఆదివారం, తీర్పు నకలు రెబ్కా పల్లె గుళ్ళో చదివించింది. ఆమె రమ్మనలేదు. ఇమ్మానియేలే వెళ్ళి చివరి వరసలో చాప మీద కూర్చున్నాడు. పెద్దలు జక్రయ్య పేరు మళ్ళీ సంఘం పుస్తకంలోకి ఎక్కించామని చెప్పారు. రెబ్కా ఏడవలేదు. కాగితాన్ని మడతపెట్టి బైబిల్లో పెట్టుకుంది.

తర్వాత రొట్టె పళ్ళెం వరస వెంట వచ్చింది. దగ్గరికి రాగానే ఇమ్మానియేలు రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. పళ్ళెం పట్టుకున్న పెద్దమనిషి ఒక్క క్షణం ఆగి, పక్కమనిషి దగ్గరికి వెళ్ళాడు.

ఆడవాళ్ళ వైపునుంచి ఆదెమ్మ అది చూసింది. గుడి వదిలాక వేపచెట్టు కింద ఆయన చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికొచ్చింది.

"మీకు తెలుసంటగా, నేనెందుకు చెయ్యి పెట్టలేదో."

"తెలుసమ్మా."

"ఆ రోజే ఒక్క మాట చెబితే సరిపోయేది గదయ్యా. పోయేదాకా మూడేళ్ళు నా మొహం చూడలేదు జక్రయ్యన్న. ఒట్టు పెట్టుంటే బతికిపోయేవాణ్ణి గదే అని."

ఆయన వంగి రెండో చెప్పు తొడుక్కున్నాడు. బస్సు వేళయింది. రోడ్డు పక్క కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు బస్సులో అందరూ దగ్గుతున్నారు. ఇంటికి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. మెట్టు దగ్గర ఆగి, మధ్యలో కాలు పెట్టకుండా, పక్కనుంచి ఎక్కాడు.