గీత కొట్టిన ధర

సమస్త జ్ఞానానికి మూలమైన దేవునికి స్తోత్రం. ఏమీ పాలుపోని రోజుల్లో కూడా ఆయన నా చెయ్యి వదల్లేదు కాబట్టే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను.

రెండేళ్ల క్రితం, వేసవి. ఏలూరులో ఉంటూ చిన్న దుకాణాలకు ఆన్‌లైన్ స్టోర్లు తయారుచేయడం నా పని. తాడేపల్లిగూడెంలో అప్పడాలు, వడియాలు, పొడులు అమ్మే ఒక పాత కొట్టు ఉంది. ఆ ఇంటి కోడలు సుజాతగారు పట్టుబట్టి నాచేత స్టోర్ పెట్టించారు. అత్తిలి, దెందులూరు వైపు నుంచి ఏళ్లుగా కొట్టుకు వచ్చేవాళ్లే ఇప్పుడు ఫోన్లలో ఆర్డర్లు పెట్టేవారు. ఆ ఆర్డర్లను నమ్ముకుని ఆవిడ అప్పడాలు ఒత్తడానికి మరికొందరు ఆడవాళ్లను పనిలో పెట్టుకున్నారు.

వానలు రాకముందే సరుకు కదలాలని సేల్ పెట్టాం. పాత ధర మీద అడ్డగీత వేసి పక్కన తగ్గించిన ధర చూపించడాన్ని మేము స్ట్రైక్‌త్రూ అంటాం. ప్రతి వస్తువుకూ అలాగే పెట్టాను. మర్నాటి నుంచి ఆర్డర్లు పడిపోయాయి.

నాకేమీ అర్థం కాలేదు. పేజీ చూసేవాళ్లు పెరిగారు, కొనేవాళ్లు లేరు. గీతను ఎర్రగా, ఇంకా లావుగా చేశాను. వచ్చే ఒకటీ అరా కూడా ఆగిపోయాయి. డబ్బు కట్టే పేజీ నేనే నొక్కి చూశాను, బాగానే ఉంది.

"ఏవండీ, ధర తగ్గిస్తే ఎవరైనా కొనడం మానేస్తారా?" అన్నారు సుజాతగారు. "పైగా ఫోన్ చేసి, కొత్త సరుకు ఎప్పుడొస్తుందండీ అంటున్నారు. గది నిండా ఉంటేను!"

ఆవిడ మామగారు వెనకనుంచి అందుకున్నారు. "సరుకు గదిలో, బేరం గాల్లో! ఆదివారం దాకా చూస్తానమ్మా. ఆపైన ఆ ఫోను కొట్టు మూసెయ్యి. కొత్తగా పెట్టుకున్నవాళ్లని రావద్దని చెప్పెయ్యి."

శనివారం ప్రార్థన చేసుకుని, నావల్ల కాదని చెప్పేద్దామని తాడేపల్లిగూడెం వెళ్లాను. కొట్టు ముందు నల్లబోర్డు మీద సరుకుల పేర్లు రంగుతో, ధరలు సుద్దతో రాసి ఉంటాయి. సుజాతగారి మామగారు మినప వడియాల ధర మీద అడ్డగీత గీసి, పక్కన వేరే ధర రాశారు. అప్పుడే ఆటో దిగిన ఒక పెద్దావిడ బోర్డు చూసి, "అయ్యో, వడియాలు అయిపోయాయా!" అంటూ వెనక్కి తిరిగారు.

"అయిపోయాయని మీకెలా తెలిసిందండీ?" అన్నాను.

"గీత కొట్టారుగా బాబూ! పక్కనున్నది రేపొచ్చే సరుకు ధర. ఇక్కడెవర్నడిగినా చెబుతారు. మీదే ఊరు?"

పెద్దాయన నవ్వారు. "మా నాన్నగారి నాటి పద్ధతిలెండి. ఆ వడియాలొక్కటే ఈ పూటకి అయిపోయాయి." ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. బోర్డు రాత ఆయనది, ఫోను స్టోరు కోడలిది; అందులోకి ఆయన ఎప్పుడూ తొంగిచూడలేదు. ఇప్పుడు కోడలి ఫోన్ అడిగి తీసుకుని చూశారు. "అమ్మా, ఇందులో అన్నిటికీ గీతలే! కొట్టంతా ఖాళీ అని మనమే టముకు వేసుకుంటున్నాం కదమ్మా!"

అక్కడే బస్తా మీద కూర్చుని గీతలన్నీ తీసేశాను. 'సరుకు ఉంది. ఇదివరకు ఇంత, ఈ వారం ఇంత' అని మాటల్లో రాశాను. సాయంత్రానికి ఆర్డర్లు మొదలయ్యాయి. సోమవారం అప్పడాల పనికి అందరూ వచ్చారు.

విచిత్రమేమిటంటే, వేరే ఊరి స్టోర్లలో అదే గీతతో అమ్మకాలు బాగున్నాయి. ఎక్కడ ఏది పనిచేస్తుందో ఇప్పటికీ నాకు ముందుగా తెలియదు. అందుకే పని ఒప్పుకున్నాక ముందు ఆ కొట్టు ఎదుట కాసేపు నిలబడతాను. మా చర్చి సంఘంలో అప్పుడప్పుడు బైబిలు వాక్యం చెబుతుంటాను; అది అయ్యాక కూడా, "మీకేం అర్థమైంది?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. వచ్చే జవాబులు ఒక్కోసారి నన్ను మళ్లీ తికమక పెడతాయి.

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో కలిసి అడగండి: తండ్రీ, మేము గీసే గీత ఎదుటివారికి ఎలా కనబడుతోందో మాకు చూపించు. ఆమేన్.