ఎడిత్ గారి చెల్లెలి ఆఖరి మాటలు

2012 మార్చిలో ఒక ఆదివారం, నేపర్‌విల్‌లో పదకొండూ ఇరవైకి చికాగో రైలెక్కాం, నేనూ మా అమ్మాయి మేఘనా. దానికి పద్నాలుగేళ్లు. నాజీల క్యాంపు నుంచి బతికి బయటపడ్డ ఎడిత్ గారి సాక్ష్యంతో కూర్చిన నాటకంలో, అక్కడే చనిపోయిన ఆవిడ చెల్లెలి వేషం దానిది. ఆ రోజే మొదటి ప్రదర్శన. ఎడిత్ గారు కూడా వస్తున్నారు.

రైల్లో పులిహోర డబ్బా తెరిచాను గానీ ముద్ద దిగలేదు. ఆ చెల్లెలు అక్కతో చివరిగా రెండు మాటలంటుంది: "రేపు నేను లేవను. నా రొట్టె నువ్వు తిను." కన్నబిడ్డ నోటివెంట అలాంటి మాట! చెడ్డమాట అంటే తథాస్తు దేవతలు 'అలాగే' అంటారని వింటూ పెరిగినదాన్ని. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకు వారంగా నిద్ర లేదు.

ఎదురు సీట్లో వరంగల్ అమ్మాయి, ఎమ్మెస్ చదువుతోందట. నా గోడు విని, "యాక్టింగే కద ఆంటీ, ఏం గాదు" అంది. ఏం కాదని ఆ పిల్లకేం తెలుసు?

స్టేషన్ నుంచి బస్సులో అరగంట. హాలు ఒక లైబ్రరీ పై అంతస్తులో ఉంది. సీట్లకు నంబర్లు లేవు, వెళ్లేవాళ్లు ముందే వెళ్లండి. మెట్ల దగ్గర మేఘనను ఆపాను.

"ఆ మొదటి మాట మింగెయ్. రొట్టె సంగతి చెప్పు, చాలు."

"అమ్మా, వన్ వర్డ్ కూడా చేంజ్ చేయొద్దు. ఆవిడ చెప్పినట్టే చెప్పాలి, అదే రూల్."

"నా మీద ఒట్టు" అన్నాను. దాని మొహం పాలిపోయింది.

రెండింటికి నాటకం మొదలైంది. ఆ ఘట్టం వచ్చింది. మేఘన నావైపు చూసి, "నా రొట్టె నువ్వు తిను" అని ఊరుకుంది.

ముందు వరసలోంచి ముసలి గొంతు వినిపించింది. "రేపు నేను లేవను. ముందు ఆ మాట అంది."

మేఘన ఏడుస్తూనే మిగతాది పూర్తి చేసింది.

అయిపోయాక ఎడిత్ గారి దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనని, భయపడి వద్దన్నానని ఒప్పుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ కోప్పడలేదు. "దాని ఫొటో లేదు, సమాధి లేదు. నా దగ్గరున్నవి ఆ రెండు మాటలే" అన్నారు.

ఐదూ నలభై రైలుకి తిరిగి బయల్దేరాం. ఊరు దాటాక మేఘన అడిగింది, "నెక్స్ట్ సండే ఏం చేయను?"

"రెండూ చెప్పు."

"ప్రామిస్ బ్రేక్ అయితే నీకేమైనా అవుతుందా?"

నా భయం దానికి అంటించానని అప్పుడు తెలిసింది. కిటికీ బయట చీకటి పడుతోంది. "ఏం కాదు. ఇప్పుడే చెప్పు, నేను వింటాను" అన్నాను.

నా కళ్లలోకి చూస్తూ రెండూ చెప్పింది. వణుకుతూనే విన్నాను.