మొదటి ముక్క

నేను మొండిదాన్ననే పేరు మా అత్తగారింట్లో ఎప్పటినుంచో ఉంది. ఆ క్రిస్మస్‌తో అది సంఘమంతా పాకింది. పాకనివ్వండి.

మారేడ్‌పల్లిలో మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. క్రిస్మస్ రోజు ఆరాధన నుంచి రాగానే కేక్ కోసి, మొదటి ముక్క కుక్కకి పెట్టేవారు. ఏడాదంతా ఇల్లు కాసేది అదే కాబట్టి పాస్టర్‌గారి కంటే ముందు దానికే అని మామయ్యగారు మొదలుపెట్టారట. ఆయన పోయాక అత్తయ్య ఆ పనిని కుటుంబ ప్రార్థనంత నిష్ఠగా పట్టుకున్నారు. ఆ కేక్ కోసం అక్టోబర్‌లోనే కిస్‌మిస్, జీడిపప్పు ద్రాక్షరసంలో నానబోసి, ఆ జాడీ మీద ఎవరి చెయ్యీ పడనిచ్చేవారు కాదు.

మా తెల్లకుక్క అంతకుముందు జనవరిలో పోయింది. దాని తర్వాత బొల్లారంలో రోడ్డు పక్కన దొరికిన గోధుమరంగు ఆడకుక్కని తెచ్చుకున్నాం. టీకాలు వేయించడానికి ఏ.ఎస్. రావు నగర్ తీసుకెళ్లినప్పుడు, పండగకి ఏమేం పెట్టొచ్చని డాక్టర్ని అడిగాను.

"కేక్ మాత్రం పెట్టకుర్రి మేడమ్. అండ్ల కిస్‌మిస్ ఉంటది. కిడ్నీలు ఖరాబైతయి. జెర తిన్నా ఎంటనే తీసుకొచ్చెయ్యాలె," అన్నాడాయన.

తెల్లకుక్క కూడా క్రిస్మస్ వెళ్లిన వారంలోనే తిండి మానేసి, కిడ్నీలు పాడై పోయింది. ముసలితనం అనుకుని ఊరుకున్నాం. ఈ పోలిక అత్తయ్యకి చెబితే తట్టుకోలేరని మింగేశాను. ఈసారి కుక్కకి కేక్ పెట్టొద్దని మాత్రం ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. మా ఆయన తలూపాడు. ఆడపడుచు నవ్వింది. అత్తయ్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే ఒప్పుకోనట్టే.

పండగ రోజు కుక్కని పడకగదిలో ఉంచి తలుపు వేశాను. మధ్యాహ్నం పాస్టర్‌గారు, వాళ్లావిడ, ఆడపడుచు కుటుంబం భోజనానికి కూర్చున్నారు. బిర్యానీ వడ్డిస్తూ చూద్దును కదా, అత్తయ్య గదిలోంచి కొంగు దులుపుకుంటూ వస్తున్నారు. కొంగు నిండా కేక్ పొడి.

పెట్టారా అని అడిగాను. ఒక్క ముక్కే పెట్టానని, పండగపూట మూగజీవి నోరు కట్టేస్తే పాపమని ఆవిడ అందరికీ వినబడేలా అన్నారు. ఇన్నేళ్లుగా పెడుతున్నాం, ఏ కుక్క చచ్చిందని కూడా అడిగారు. జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి లాక్కున్నాను.

గరిటె అక్కడే పెట్టి డాక్టర్‌కి ఫోన్ చేశాను. వెంటనే రమ్మన్నాడు. భోజనాలయ్యాక వెళ్దామని మా ఆయన గొణిగాడు. పాస్టర్‌గారిని విస్తరి ముందు కూర్చోబెట్టి కుక్క వెంట పోతావా అని ఆడపడుచు ఒంటికాలి మీద లేచింది. పోతాను. పాస్టర్‌గారికి వడ్డించడానికి ఆ ఇంట్లో చేతులు చాలా ఉన్నాయి. కట్టుకున్న పట్టుచీరతోనే కుక్కని చంకనేసుకుని ఆటో ఎక్కాను.

డాక్టర్ దానిచేత కక్కించాడు. నల్లటి కేకు ముద్దలో ఉబ్బిన కిస్‌మిస్‌లు కనబడ్డాయి. కొన్ని లోపలే ఉండిపోయుంటాయని సెలైన్ ఎక్కించాడు. చీర పాడైంది. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ప్రేమ పేరుతో ఎవరు ఏం పెట్టినా నోరు మూసుకుని చూడాలనే మర్యాద మీద కోపం.

ఆ తర్వాత కొన్నాళ్లు రోజూ సెలైన్, రక్తపరీక్షలు. ఆడపడుచు మాట్లాడటం మానేసింది. నేనూ మానేశాను. చివరికి కిడ్నీలకి ఏమీ కాలేదని డాక్టర్ చెప్పాడు. ఆ సాయంత్రం అత్తయ్య నా పక్కన కూర్చుని కుక్క వీపు నిమురుతూ మెల్లిగా అడిగారు.

"ముందుది కూడా ఈ కేక్ వల్లే పోయిందా?"

అబద్ధం చెబితే ఆవిడకి తేలికవుతుంది. కానీ మళ్లీ ఎప్పుడో ఒక ముక్క దీని నోట్లోకి వెళ్తుంది.

"అలాగే అనుకుంటున్నాను అత్తయ్యా," అన్నాను.

ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. చాలాసేపు ఏడ్చారు. నేను కాదనలేదు, ఓదార్చనూ లేదు. పక్కనే కూర్చున్నాను.

కొత్త సంవత్సరానికి సంఘ పెద్ద ఒకాయన మా ఇంటికొచ్చారు. ఆయనకి ఆచారం తెలుసు. తన ప్లేటులోని కేక్ తుంచి, కుక్కని పిలుస్తూ వంగారు. నేను లేచేలోపే అత్తయ్య వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నారు. పెద్దాయన నవ్వేసి, ఒక్క ముక్కకే ఏమవుతుందమ్మా అన్నారు.

"ఒక్క ముక్కే అనుకుంటూ ముందుదాన్ని నా చేత్తో చంపుకున్నాను బాబూ," అన్నారు అత్తయ్య. "దీని జోలికి రాకండి."