పాటల ఫోల్డరు పక్కన

ధర్మవరంలో మా ఇంటికి ఎవరొచ్చినా నాయన చేసే మొదటి మర్యాద మగ్గం మీద దుప్పటి కప్పడం. మంచినీళ్లు ఆ తర్వాతే. కొత్త అంచు నేస్తున్నప్పుడు సొంత చెల్లెలు వచ్చినా అంతే. "కొత్త డిజైనంటే ఈయన మగ్గం మీదనే పుట్టల్ల" అని చీరల షావుకారు పదిమందిలో అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నాయన పస్తులుండమన్నా ఉండేవాడు.

అంత జాగ్రత్తపరుడు రెండు వేల దశకం చివర్లో కంప్యూటరు లాంటి ఫోనొకటి కొన్నాడు. గ్రాఫు కాగితాల మీద గీసిన డిజైన్లన్నీ ఫోటోలు తీసి అందులో దాచి, కాగితాలను పొయ్యిలో పెట్టేశాడు. "ఇంగ ఎవడు చూస్తాడో చూస్తా" అన్నాడు.

బ్లూటూత్ మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేది. టీ కొట్టు దగ్గర అడిగినవాళ్లకల్లా పాత పాటలు పంచడం ఆయన సరదా. ఒకరోజు పక్క వీధి మగ్గాల యజమాని, "అన్నా, నువ్వు టీ తాగు, పాటలు నేనే తీసుకుంటా" అన్నాడట. నాయన పాటల ఫోల్డరు ఒక్కటే చూడనిచ్చాడు.

ఆ ఫోన్ల బ్లూటూత్‌లో ఒక లోపముందని తర్వాతెప్పుడో పత్రికలో చదివాను. ఒక్క ఫోల్డరుకు అనుమతిస్తే చాలు, అవతలివాడు ఫోనంతా తిరిగి ఏ ఫైలైనా తీసుకోవచ్చట. వసారాలో కూర్చోమంటే బీరువా దాకా వెళ్లినట్టు. పాపం నాయన, ఆ రోజు టీ కూడా ఆయనే తాగించాడు.

నెమళ్ల అంచు చీర పూర్తయ్యాక ఇద్దరం షావుకారు దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన చీర విప్పి చూసి, అరలోంచి ఇంకో చీర తీసి పక్కన పరిచాడు. పక్క వీధాయన ఇచ్చిందట. అవే నెమళ్లు. కాకపోతే వాటి తల మీద తురాయి లేదు. నాయన గ్రాఫులో తురాయి మరిచిపోయి, ఫోటో తీశాక మగ్గం మీద సరిదిద్దుకున్నాడు. అంటే అది ఫోటో చూసి నేసిన చీరే! నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే షావుకారు అందుకున్నాడు.

"ఏమప్పా, నువ్వు గూడా కాపీ కొడతాండావా? కొట్టేది సరిగ్గానన్నా కొట్టల్ల కదా. ఆయన నెమలికి ల్యాని తురాయి నీ దానికి యాడనుంచి వచ్చె?"

నాయన చీర మడిచి చంకలో పెట్టుకుని బయటికొచ్చేశాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

"ఫోన్లో ఫోటో ఉండాది కదా నాయనా, చూపిద్దాం రా" అన్నాను.

"ఆ ఫోటోలో నెమలికి గూడా తురాయి ల్యా గదమ్మా" అన్నాడు. "వాని డిజైనే నేను ఫోటో తీసుకున్నానంటారు."