తెర మీద అమ్మ కోసం విశాఖకు

పలాసలో తెల్లవారుజామున విశాఖపట్నం పాసింజరు ఎక్కాను. ఎక్స్‌ప్రెస్ అయితే త్వరగా చేరుస్తుంది గాని పెందుర్తిలో ఆగదు. పెందుర్తిలో మా పిన్నిని వెంటబెట్టుకోవాలి. ఆమె లేకపోతే నేను విశాఖ వెళ్ళి ప్రయోజనం లేదు.

అవి ఎనభైల మొదటి రోజులు. నేను పలాసలో టీచరుగా పనిచేస్తున్నాను. మా బడిలో సైన్సు చెప్పే మూర్తిగారిది విశాఖ. సెలవులకు వెళ్ళివచ్చినప్పుడల్లా అక్కడి ఫిల్మ్ క్లబ్బులో చూసిన సినిమాల గురించి స్టాఫ్ రూములో చెబుతుండేవారు. "ఈసారి ఫెస్టివల్‌లో విశాఖ రేవు పనుల మీద తీసిన పాత డాక్యుమెంటరీ ఒకటి వేస్తున్నారు. తట్టలు మోసే ఆడవాళ్ళు కూడా కనిపిస్తారట," అన్నారు ఒకరోజు. ఆ మధ్యాహ్నం నేను పిల్లలకు సరిగా పాఠం చెప్పలేకపోయాను.

మా అమ్మ ఆ రేవులో మట్టి తట్టలు మోసింది. నాకు రెండో ఏడు నిండకముందే జ్వరం వచ్చి పోయింది. ఒక్క ఫోటో లేదు. ఎలా ఉండేదని అడిగితే నన్ను పెంచిన నాయనమ్మ "నల్లగా, సన్నగా" అని ఊరుకునేది. నల్లగా సన్నగా ఉండేవాళ్ళు మా వైపు వీధికి పదిమంది. అమ్మతో కలిసి తట్ట మోసిన మనిషి పిన్ని ఒక్కతే మిగిలింది.

శ్రీకాకుళం రోడ్డులో ఇడ్లీ పొట్లం కొనుక్కున్నాను. ఎదుటి సీటు పెద్దాయన ఉక్కు ప్రాజెక్టులో పనిచేసే కొడుకు దగ్గరికి, కూర్మన్నపాలెం వెళ్తున్నాడు.

"నువ్వెక్కడికెల్తన్నావమ్మా?"

"విశాఖకండి, సినిమా చూడ్డానికి."

"సినిమాకింత దూరమా? పలాసలో టాకీసు నేదేటి?"

నవ్వి ఇడ్లీ పొట్లం విప్పాను. కనిపిస్తుందో లేదో తెలియని మనిషి సంగతి ఆయనకు ఏమని చెప్పను?

పెందుర్తి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. పిన్ని ప్లాట్‌ఫారం మీదే ఉంది. పెళ్ళికి వెళ్ళేదానిలా గంజి పెట్టిన చీర కట్టుకుంది. వాళ్ళింట్లో అన్నం తిని సిటీ బస్సెక్కాం. గోపాలపట్నం దాటాక పిన్ని నా వైపు తిరిగింది.

"నిజంగా కనపడతాదంటావా?" అంది.

"తెలీదు పిన్నీ."

"కనపడితే నాను పోల్చీగలను. దాని పక్కనే కదా నడిసీదాన్ని."

బీచ్ రోడ్డుకు ఎగువన ఉన్న ఒక సాంస్కృతిక కేంద్రంలో ఫిల్మ్ క్లబ్బు ప్రదర్శనలు జరిగేవి. టాకీసును ఊహించుకోకండి. అదొక మామూలు హాలు. కిటికీలకు నల్లగుడ్డలు, ఇనుప కుర్చీలు, గోడకు తెల్లటి తెర, వెనక బల్ల మీద ప్రొజెక్టరు. రేవు ఉద్యోగులు, కాలేజీ మేష్టర్లు, ఉక్కు ప్రాజెక్టు ఇంజినీర్లు ఆ సాయంత్రం హాలు నింపేశారు. గుమ్మం దగ్గర నిలబడ్డ క్లబ్బు కార్యదర్శికి మూర్తిగారి పేరు చెప్పగానే ముందు వరుసలో కూర్చోబెట్టారు. కార్యదర్శిది కృష్ణా జిల్లా, రేవులో ఉద్యోగం.

ఆరున్నరకు దీపాలు ఆర్పారు. తెర మీద ఓడలు, ఆవిరి క్రేన్లు వచ్చాయి. గంభీరమైన గొంతు ఒకటి ఇంగ్లీషులో ఏదో వివరిస్తోంది. ఉన్నట్టుండి మట్టిగట్టు మీద ఆడవాళ్ళ వరుస కనిపించింది. పిన్ని నా మణికట్టు పట్టుకుంది.

"అదిగో. మీయమ్మ."

"ఏది?"

అనేలోపే వరుస పోయి మళ్ళీ ఓడ వచ్చింది. నేను చూశాను, కాని ఎవరిని చూడాలో తెలియకుండా చూశాను. తర్వాత వేసిన పెద్ద సినిమా ఏదో చలిదేశానిది. తెర నిండా మంచు పడుతుంటే నేను ఆ మట్టిగట్టు కోసమే వెతుక్కున్నాను.

ఆట అయ్యాక కార్యదర్శికి సంగతి చెప్పాను.

"రేపు సాయంత్రం రీలు తిరిగి పంపెయ్యాలమ్మా. ఉదయం రండి. హాలు ఖాళీగానే ఉంటుంది."

ఆ రాత్రి పెందుర్తిలో పడుకుని, మర్నాడు మొదటి బస్సుకే బయలుదేరాం.

ఖాళీ కుర్చీల మధ్య మేమిద్దరమే కూర్చున్నాం. ఆ వరుస వచ్చినచోట బొమ్మను కాసేపు ఆపమని అడిగాను. "ఆపితే బల్బు వేడికి ఫిల్ము కాలిపోతుందమ్మా. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తిప్పుతాను," అన్నారాయన.

ఈసారి పిన్ని ముందే చెప్పింది. "ముక్కుకి నత్తుంటాది. దాని ఎనకాల నాను."

వచ్చింది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, తట్ట మీద ఒక చెయ్యి వేసుకుని, నాకంటే చిన్నపిల్ల. తట్ట కదలకుండా మెడ మాత్రం తిప్పి కెమెరా వంక చూసింది. వెనకనున్న పిన్నితో ఏదో అంది. అని నవ్వింది. నవ్వుతూనే తెర అంచు దాటి వెళ్ళిపోయింది.

మరోసారి వేయమన్నాను. కార్యదర్శి అడగకుండానే సౌండు తగ్గించేశారు. ఇంగ్లీషు గొంతు పోయింది. ప్రొజెక్టరు చప్పుడొకటే మిగిలింది. అమ్మ పెదవులు కదిలాయి. రెండు మాటలో, మూడో.

"ఏమంది పిన్నీ?"

పిన్ని తెర వంకే చూస్తోంది. "మళ్ళీ ఎయ్యమను."

ఎన్నిసార్లు వేశారో నేను లెక్కపెట్టలేదు. చివరికి పిన్ని తల అడ్డంగా ఊపింది. "గుర్తు నేదే, తల్లీ. రోజూ ఏటేటో అనీది." కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది, "నువ్వా పక్కనే ఉన్నావ్, గుడ్డ ఉయ్యాల్లో. ఫోటోలు తీసినోడు కెమెరా నీకాసి తిప్పనేదు."

కార్యదర్శి రీలు డబ్బాలో పెడుతూ మా వైపు చూడకుండా, "టీ తాగి వెళ్ళండమ్మా," అన్నారు. తాగాం.

మధ్యాహ్నం తిరుగు బండికి నన్ను ఎక్కించడానికి పిన్ని విశాఖ స్టేషన్ దాకా వచ్చింది. పక్కనే ఆగి ఉన్న గూడ్సు బండి మీంచి ఖనిజం ధూళి రేగుతోంది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి చెప్పింది.

"ఏదో ఒకటి సెప్పీవచ్చును. 'ఉయ్యాల్లో నా గుంట లెగిసిందేమో సూడవే' అన్నాదని సెప్పితే నువ్వు నమ్మీదానివి. పొద్దుట్నుంచీ అదే ఆలోసించినాను. కానీ దాని నోట్లో నాను మాట పెట్టకూడదు కదా."

బండి కదిలింది. నేను ఆమె చెయ్యి వదల్లేదు. ఆమే నాలుగడుగులు బండితో నడిచి విడిపించుకుంది.

విజయనగరంలో ఖాళీ కూరగాయల గంపలతో నలుగురైదుగురు ఆడవాళ్ళు మా పెట్టె ఎక్కారు. ముందామె మెడ తిప్పి వెనకామెతో, "బేగి రాయే, సీటు పోతాది," అంది. ఇద్దరూ నవ్వుకుంటూ నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

అమ్మ అన్నది కూడా అంతకంటే పెద్ద మాట అయివుండదు. తెర మీద అమ్మ కనిపిస్తే చాలనుకుని వెళ్ళాను. కనిపించింది, నవ్వింది కూడా. అయినా పలాస చేరేదాకా ఆ ఆడవాళ్ళ మాటల్లో ఒక్కటీ పోనివ్వకుండా వింటూ కూర్చున్నాను.